సబ్బులో మందెందుకు?

(తాడేపల్లిగూడెంలో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల తరగతిలో సబ్బు గురించి మాట్లాడతానని చెప్పగానే మీలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు సహజమే. ఆస్తి హక్కు, గృహహింస, సమాన వేతనం వంటి విషయాల పక్కన పెడితే సబ్బు చాలా చిన్న వస్తువు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఏలూరు నుంచి కైకలూరు దాకా, భీమడోలు నుంచి ఆకివీడు దాకా ఏ ఊరి కొట్లోనైనా దొరికే వస్తువు అది. కొనేది ఆడవాళ్ళం. పిల్లల చేత వాడించేది ఆడవాళ్ళం. తీరా పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే "నీకు శుభ్రత లేదు" అనిపించుకునేదీ ఆడవాళ్ళమే. టీవీలో వచ్చే సబ్బు ప్రకటనల్లో బురదలో ఆడి వచ్చిన పిల్లవాడి పక్కన తండ్రి కనిపించిన సందర్భాలు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. బిడ్డ జబ్బుకి తల్లిని ముద్దాయిగా నిలబెట్టి, ఆ నేరం నుంచి బయటపడటానికి ఒక సరుకు అమ్మడం ఆ ప్రకటనల పని.

ముందే ఒక మాట స్పష్టం చేస్తున్నాను. చేతులు కడుక్కోవద్దని నేను చెప్పడం లేదు. దొడ్డికి వెళ్ళి వచ్చాక, పిల్లల దొడ్డి కడిగాక, అన్నం వండే ముందు, తినే ముందు, తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ మాట మీరు ఊళ్ళల్లో చెబుతున్నారు, చెబుతూనే ఉండాలి. నా ప్రశ్న అంతా ఆ సబ్బులో అదనంగా కలిపే మందు గురించి. "క్రిముల్ని చంపుతుంది", "తొంభై తొమ్మిది శాతం రక్షణ", "యాంటీ బాక్టీరియల్" అంటూ ఎక్కువ డబ్బు తీసుకునే సబ్బులూ, చేతులు కడిగే ద్రవాలూ ఉన్నాయి కదా, వాటి గురించి.

సబ్బు అసలు ఏం చేస్తుంది? నూనె, క్షారం కలిసి తయారయ్యే పదార్థం సబ్బు. దాని అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డుని పట్టుకుంటుంది. మన చేతి మీదున్న మట్టి, మలం, క్రిములు ఆ జిడ్డుని అంటిపెట్టుకుని ఉంటాయి. రుద్దితే జిడ్డు వదులుతుంది, నీళ్ళు పోస్తే అన్నీ కలిసి కొట్టుకుపోతాయి. అంటే క్రిముల్ని చంపనక్కర లేదు, సాగనంపితే చాలు. 2020లో కరోనా వచ్చినప్పుడు డాక్టర్లంతా ఇరవై సెకన్లు సబ్బుతో కడగమన్నారు, గుర్తుంది కదా. ఆ వైరస్ పైపొర కొవ్వుతో చేసినది. మామూలు సబ్బే దాన్ని విప్పేస్తుంది. పైగా వైరస్ బాక్టీరియా కాదు. యాంటీ బాక్టీరియల్ అన్న మాటకి అక్కడ పనే లేదు. అయినా ఆ రోజుల్లో ఆ మాట రాసి ఉన్న సబ్బునే జనం వెతుక్కుని కొన్నారు.

మరి మందు కలిపితే కొంచెమైనా ఎక్కువ మేలు జరగదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మనలాంటి బస్తీల నుంచే వచ్చింది. కరాచీ నగరంలోని పేదల వాడల్లో స్టీఫెన్ లూబీ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక పరిశీలన చేశారు. కొన్ని ఇళ్ళకి మామూలు సబ్బు ఇచ్చారు. కొన్ని ఇళ్ళకి ట్రైక్లోకార్బాన్ అనే మందు 1.2 శాతం కలిపిన సబ్బు ఇచ్చారు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఎవరికి ఏది వచ్చిందో ఇంట్లోవాళ్ళకి తెలియదు. కొన్ని ఇళ్ళకి సబ్బు ఇవ్వలేదు. ఏడాది పాటు వారం వారం వెళ్ళి పిల్లల ఆరోగ్యం రాసుకున్నారు. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోమని ప్రోత్సహించిన ఇళ్ళల్లో అయిదేళ్ళలోపు పిల్లలకి నిమోనియా 50 శాతం తగ్గింది. పదిహేనేళ్ళలోపు పిల్లలకి విరేచనాలు 53 శాతం తగ్గాయి. చర్మం మీద వచ్చే చీము పొక్కులు 34 శాతం తగ్గాయి. ఏ మందూ ఇంజెక్షనూ లేకుండా సగానికి సగం జబ్బు తగ్గడం చిన్న విషయం కాదు. ఇక మామూలు సబ్బు వాడిన ఇళ్ళకీ, మందు సబ్బు వాడిన ఇళ్ళకీ తేడా ఎంత? ఏమీ లేదు. ఆ పరిశీలనకి డబ్బిచ్చింది ప్రాక్టర్ అండ్ గాంబుల్ అనే సబ్బుల కంపెనీయే. కాబట్టి కంపెనీలంటే పడనివాళ్ళు వండిన లెక్క అని కూడా అనడానికి వీల్లేదు.

2015లో దక్షిణ కొరియాలో ప్రయోగశాలలోనూ, మనుషుల చేతుల మీదా పరీక్షించి చూశారు. మనం చేతులు కడుక్కునే ఇరవై, ముప్ఫై సెకన్లలో ట్రైక్లోసాన్ కలిపిన సబ్బు మామూలు సబ్బుని మించి చేసిందేమీ లేదు. ఆ మందు తన ప్రతాపం చూపించడానికి గంటల తరబడి నానబెట్టాల్సి వచ్చింది. అన్నం ముందు కూచుని తొమ్మిది గంటలు చేతికి నురగ పట్టించుకునే ఓపిక ఎవరికుంది చెప్పండి?

ఈ ట్రైక్లోసాన్ 1970లలో ఆస్పత్రుల కోసం వచ్చిన మందు. ఆపరేషన్‌కి ముందు డాక్టర్లు చేతులు కడుక్కోవడానికి వాడేవారు. ఆస్పత్రి సంగతి వేరు. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులతోనే పురుళ్ళు పోయడం వల్ల బాలింతలు జ్వరం వచ్చి చనిపోతున్నారని గుర్తించి, బ్లీచింగ్ నీళ్ళతో చేతులు కడిగించాడు. మరణాలు తగ్గాయి. మన తల్లుల ప్రాణాలు కాపాడిన పని అది. కోసిన గాయం దగ్గర, పురుడు పోసే గది దగ్గర క్రిమినాశకం కావాలి. అక్కడ ఉండాల్సినదాన్ని మన వంటింట్లోకి, పళ్ళ పేస్టులోకి, బట్టల్లోకి, పలకల్లోకి తెచ్చిపెట్టింది మాత్రం అవసరం కాదు, మార్కెట్టు.

అమెరికాలో మందుల నియంత్రణ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద నియమాల ముసాయిదాని మొదటిసారి 1970లలోనే తయారుచేసింది. చేసి పక్కన పెట్టేసింది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ కాగితం అలాగే పడి ఉంది. 2010లో ఒక పర్యావరణ సంస్థ కోర్టుకి వెళ్ళింది. అప్పుడు కదిలి, 2013లో కంపెనీలని రెండే ప్రశ్నలు అడిగారు. మీ మందు సబ్బు మామూలు సబ్బు కంటే ఎక్కువ పనిచేస్తుందని రుజువు ఉందా? ఏళ్ళ తరబడి రోజూ వాడితే ప్రమాదం లేదని రుజువు ఉందా? కంపెనీలు సరైన రుజువులు చూపించలేకపోయాయి. 2016 సెప్టెంబరులో ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్‌లతో సహా 19 మందుల్ని ఇళ్ళల్లో వాడే సబ్బుల నుంచి తీసేయమని ఎఫ్‌డీఏ ఆదేశించింది. అదే ఏడాది ఐరోపా సంఘం కూడా చేతుల పరిశుభ్రత కోసం ట్రైక్లోసాన్ వాడకానికి అనుమతి నిరాకరించింది. అలాంటి నిషేధం మన దేశంలో లేదు. రుజువు చూపించాల్సిన బాధ్యత అమ్మేవాడిది కావాలి. మనం మాత్రం జబ్బు పడి, హాని జరిగిందని మనమే నిరూపించుకునే స్థితిలో ఉన్నాం. భోపాల్ నుంచీ ఇదే వరస.

ఇప్పుడు హాని ఏమిటో చూద్దాం. చాలా కాలం వరకూ ట్రైక్లోసాన్ బాక్టీరియాని అన్ని వైపుల నుంచీ మోదుతుందనీ, అందుకే దానికి బాక్టీరియా అలవాటుపడదనీ నమ్మేవారు. 1998లో అమెరికాలో స్టూవర్ట్ లెవీ బృందం అది నిజం కాదని చూపించింది. బాక్టీరియా తన ఒంటి పొర కట్టుకోవడానికి కొవ్వు తయారుచేసుకునే ఒక ఎంజైము మీద ఆ మందు గురి పెడుతుంది. ఆ ఎంజైము కాస్త రూపం మార్చుకుంటే మందు పారదు. క్షయ మందుల్లో మీకు బాగా తెలిసిన ఐసోనియాజిడ్ కూడా అదే జాతి ఎంజైము మీద పనిచేస్తుంది. క్షయ క్రిమికి దగ్గర చుట్టమైన ఒక బాక్టీరియాని ప్రయోగశాలలో పరీక్షిస్తే, ట్రైక్లోసాన్‌కి లొంగని వాటిలో కొన్ని ఐసోనియాజిడ్‌కీ లొంగలేదు. సబ్బు వాడితే క్షయ మొండికేస్తుందని దీని అర్థం కాదు, అలా ఊళ్ళో ప్రచారం చేయకండి. కానీ క్షయ రోగుల ఇంటింటికీ తిరిగి ఆరు నెలలు మందు మింగించే మీకు, మందుకి లొంగని క్రిమి అంటే ఏమిటో నేను చెప్పాలా? పనికిరాని చోట మందుని వెదజల్లి, పనికొచ్చే చోట దాన్ని మొద్దుబార్చుకోవడం ఎవరికి లాభం?

రెండోది, ఇది కడిగేస్తే పోయేది కాదు. చర్మం గుండా, నోటి గుండా ఒంట్లోకి వెళుతుంది. అమెరికాలో 2003, 2004లలో సేకరించిన మూత్రం నమూనాల్లో నూటికి 75 మందిలో ట్రైక్లోసాన్ కనిపించింది. స్వీడన్‌లో 2002లో తల్లిపాలలో కూడా దొరికింది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో థైరాయిడ్ హార్మోన్ల పనికి అడ్డు తగిలింది. మనుషులకి ఎంత మోతాదులో ఎంత హాని అన్నది శాస్త్రజ్ఞులు వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఏ ప్రయోజనమూ లేని వస్తువు విషయంలో రవ్వంత ప్రమాదాన్నయినా ఎందుకు భరించాలి? మందు బిళ్ళ వేసుకుంటే జ్వరం తగ్గుతుంది కాబట్టి కడుపులో మంటని ఓర్చుకుంటాం. ఇక్కడ తగ్గే జ్వరం ఏది?

మూడో సంగతి మన సభల్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేది. అందుకే గట్టిగా చెబుతాను. యోని మార్గంలో మేలు చేసే బాక్టీరియా ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లం తయారుచేసి ఆ ప్రదేశాన్ని పులుపుగా ఉంచుతుంది. ఆ పులుపు వల్లనే చెడ్డ క్రిములు అక్కడ పెరగవు. సబ్బు క్షార గుణం కలది. దానికి మందు కూడా తోడై లోపలికి వెళితే కాపలా ఉన్న మంచి బాక్టీరియా పోతుంది. దురద, వాసన, తెల్లబట్ట మొదలవుతాయి. అది చూసి ఆవిడ ఇంకా ఎక్కువ కడుగుతుంది. లంక గ్రామాల్లో తిరిగినప్పుడు ఇలాంటి వాళ్ళని నేను ఎందరినో చూశాను. "ఎంత కడిగినా తగ్గట్లేదండి, మందు సబ్బు కూడా తెప్పించానండి" అనేది ఒకావిడ. కడగడం వల్లనే తగ్గడం లేదని చెబితే ఆశ్చర్యపోయింది. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు, లోపల కడగకూడదు. తెల్లబట్ట రంగు మారి, వాసన, నొప్పి ఉంటే ఆస్పత్రికి వెళ్ళాలి. బాలింత స్నానం నీళ్ళల్లో మూతలకి మూతలు క్రిమినాశక ద్రవం పోసే అలవాటు గురించి కూడా మంత్రసానులతో, అత్తగార్లతో మాట్లాడండి. చిక్కగా పడితే కుట్ల దగ్గర చర్మం కాలుతుంది.

ఇంత దూరం ఎందుకు కడుగుతున్నాం? ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. మైల అనే మాట మనకి కొత్త కాదు. బహిష్టు మైల, పురిటి మైల, చావు మైల. ఆడదాని ఒళ్ళే మైల అని నేర్పిన సమాజం ఇది. కులం పేరుతో మనుషుల్నే అంటరానివాళ్ళని చేసిన సమాజం. చదువుకున్నవాళ్ళు ఇప్పుడు మైల అనడానికి సిగ్గుపడతారు. ఆ ఖాళీలోకి క్రిమి అనే మాట వచ్చి కూచుంది. ప్రకటనల్లో పచ్చగా, కోరలతో కదిలే ఆ బొమ్మని చూడండి. అది సైన్సు బొమ్మ కాదు, దయ్యం బొమ్మ. పనిమనిషి గ్లాసు వేరుగా పెట్టే ఇల్లాలు ఇదివరకు కులం పేరు చెప్పేది, ఇప్పుడు "ఇన్ఫెక్షన్ అండీ" అంటుంది. గ్లాసు మాత్రం వేరుగానే ఉంది. క్రిములు నిజం, వాటి వల్ల వచ్చే జబ్బులు నిజం. కానీ మన ఒంటి మీదా పేగుల్లోనూ ఉండే బాక్టీరియాలో ఎక్కువ భాగం మనకి శత్రువు కాదు. అందర్నీ చంపాలి, ఒళ్ళంతా చంపాలి అనే భయం మాత్రం మైల పట్టింపుకి చెల్లెలే.

అలాగని పాతవన్నీ గొప్పవని నేను అనను. ఈ మధ్య అలా అనడం ఒక ఫ్యాషన్ అయింది. కుంకుడుకాయ నురగ మంచిదే, అది జిడ్డు వదిలిస్తుంది. కానీ దొడ్డి పక్కన మట్టి తీసి చేతులు తోముకుంటే ఏలికపాముల గుడ్లు ఆ మట్టిలోనే ఉంటాయి. సబ్బు పేదవాళ్ళకి అందడం మంచి పరిణామం. దాన్ని వదులుకోవద్దు.

ఇక కొల్లేరు. మన గిన్నెల నీళ్ళు, స్నానాల నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో మీలో చాలామందికి తెలుసు. ఏలూరు ఊరి మురుగు, తమ్మిలేరు తెచ్చేది కొల్లేరులోకి. బుడమేరు విజయవాడ వైపు నుంచి తెచ్చేదీ కొల్లేరులోకే. అక్కడి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి. ఇటు తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ నందమూరు దాటాక యనమదుర్రు డ్రెయిన్‌గా మారి, భీమవరం మీదుగా పోతుంది. ఈ దారుల్లో సబ్బు మందుని విడదీసే యంత్రం ఏదీ లేదు. ట్రైక్లోసాన్ నీళ్ళల్లోకి చేరితే ముందు దెబ్బ తినేది నాచు, కంటికి కనిపించని పచ్చని జీవాలు. చేపపిల్లకి మేత అదే. చెరువుల వాళ్ళ భాషలో చెప్పాలంటే ప్లాంక్టన్. బాక్టీరియా దాని రూపం మార్చి మిథైల్ ట్రైక్లోసాన్‌గా చేస్తే, అది చేప కొవ్వులో నిలవ ఉంటుంది. ఎండ తగిలితే అందులో కొంత డయాక్సిన్ జాతి పదార్థంగా మారుతుంది. తమిళనాడులో కావేరి, వెల్లార్, తామ్రపర్ణి నదుల నీళ్ళలో ట్రైక్లోసాన్ దొరికిందని 2011లో అచ్చయిన పరిశీలన చెబుతోంది. కొల్లేరు నీళ్ళలో పురుగుమందులు, భారలోహాలు చూసే ప్రతి పరీక్షలోనూ సబ్బు మందుల్ని కూడా చేర్చమని మనం కాలుష్య నియంత్రణ మండలిని అడగాలి. 1999లో 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం అన్నారు. 2002లో రామ్సర్ జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షుల కోసం ఇన్ని చట్టాలు చేసినవాళ్ళు ఆ నీళ్ళ మీద బతికే వడ్డి కుటుంబాల స్త్రీలు ఏ నీళ్ళు తాగుతున్నారని కూడా అడగాలి కదా.

చెరువుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కైకలూరులోనో, ఆకివీడులోనో ఆక్వా మందుల షాపుకెళ్ళి బీకేసీ కావాలంటే డబ్బా తీసి ఇస్తారు. చెరువు నీళ్ళల్లో రోగం రాకుండా పోసే మందు అది. బెంజాల్కోనియం క్లోరైడ్ దాని పూర్తి పేరు. ఇప్పుడు చేతులు కడిగే కొన్ని ద్రవాల సీసా వెనక చూడండి, అదే పేరు కనిపిస్తుంది. 2016లో అమెరికా నిషేధించిన 19లో ఇది లేదు. ఇంకా సమాచారం తెస్తామని కంపెనీలు గడువు అడిగిన మూడింటిలో ఇదొకటి. ట్రైక్లోసాన్ తీసేశామని గొప్పగా చెప్పుకున్న చోట ఇలాంటివి వచ్చి చేరాయి. ఇలాంటి మందుల్ని తట్టుకునే జన్యువులు, యాంటీబయాటిక్స్‌ని తట్టుకునే జన్యువులు చాలాసార్లు బాక్టీరియాలో ఒకే ముక్క మీద పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్ని కాపాడుకుంటే రెండోది కూడా బతుకుతుంది. ఒక బాక్టీరియా నుంచి ఇంకొకదానికి పోతుంది కూడా. పైన మన ఇంటి మురుగు, కింద చెరువుల మందు, మధ్యలో రొయ్యలకి పెట్టే యాంటీబయాటిక్స్. అన్నీ కలిసేది ఒకే కాలువలో.

రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు వాడకూడదని మన దేశంలోనే నిషేధం ఉంది. అయినా అవశేషాలు దొరుకుతున్నాయని 2016లో యూరప్ వాళ్ళు మన ఆక్వా సరుకు మీద తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. సరుకు వెనక్కి వస్తే ముందుగా పని పోయేది ఎవరికి? షెడ్డులో రొయ్యలు వొలిచే ఆడవాళ్ళకి. అదే షెడ్డులో లోపలికి వెళ్ళేటప్పుడల్లా క్లోరిన్ నీళ్ళల్లో చేతులు ముంచాలి. ఎగుమతి రొయ్య శుభ్రంగా ఉండాలి కాబట్టి. మంచిదే. ఆ చేతులు పగిలి, వేళ్ళ సందులు ఒరిసి, ఇంటికెళ్ళి కూర కలుపుకుంటే మండి కన్నీళ్ళు పెట్టుకునే మనిషి గురించి ఆ నియమాల పుస్తకంలో ఎంత రాశారు? చేతి తొడుగులు, కడుక్కోవడానికి మంచినీళ్ళు, రాసుకోవడానికి నూనె, చర్మం పగిలిన రోజున జీతంతో సెలవు. ఇవి సబ్బు కంటే ముందు అడగాల్సినవి.

మందులు కలిసిన నీళ్ళు ఎక్కడికి తీసుకెళతాయో చూడాలంటే మన తెలుగు నేల మీదే పటాన్‌చెరు ఉంది. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసి వదిలిన నీళ్ళలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్, ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువగా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సబ్బు నురగని ఆ విషంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. దారి ఒక్కటేనని చెబుతున్నాను.

ఈ సబ్బులు మన ఊళ్ళకి ఎలా వచ్చాయో కూడా చూడాలి. 2000, 2001 ప్రాంతంలో హిందుస్థాన్ లీవర్ కంపెనీ ప్రాజెక్ట్ శక్తి అనే పథకాన్ని నల్గొండ జిల్లాలో మొదలుపెట్టింది. పొదుపు సంఘాల స్త్రీలనే అమ్మకందార్లుగా తీసుకుని, లారీ వెళ్ళని పల్లెకి కూడా సబ్బులూ షాంపూలూ చేర్చారు. ఆ స్త్రీలలో కొందరికి నాలుగు రాళ్ళు దొరికాయి, కాదనను. కానీ సంఘం మనం కట్టుకున్నది. సారా వ్యతిరేక ఉద్యమం నాటి నుంచి స్త్రీలు ఒకరి మీద ఒకరు నమ్మకంతో నిలబెట్టుకున్నది. ఆ నమ్మకం కంపెనీకి ఉచితంగా దొరికింది. ఆరోగ్యం గురించి చెప్పేదీ, సరుకు అమ్మేదీ ఒకే మనిషి అయితే, ఏది ఆరోగ్యమో ఏది సరుకో విడదీయడం కష్టం. మనలో ఎవరికైనా ఏ కంపెనీ అయినా బ్యానర్లు, టీ షర్టులు, ఉచిత సబ్బులు ఇస్తామని వస్తే ఈ మాట గుర్తుంచుకోండి. ఉచితంగా ఇచ్చే సబ్బు పంచవచ్చా లేదా అన్నది సంఘంలో కూచుని తేల్చుకోండి. నా మటుకు నేను, రేపర్ తీసేసి పంచుతాను.

అసలు సబ్బుకి నీళ్ళు కావాలి. లంకల్లో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. ఉప్పుటేరు నుంచి సముద్రపు నీళ్ళు ఎగదన్నిన ఏడు మరీ అన్యాయం. ఆ నీళ్ళల్లో ఎంత మంచి సబ్బు రుద్దినా నురగ రాదు, తెల్లటి పిప్పి తేలుతుంది. తాగే నీళ్ళు ఇరవై లీటర్ల డబ్బాల్లో కొనుక్కునే ఇంట్లో, ఆ నీళ్ళతో పిల్లల చేతులు రోజుకి ఆరుసార్లు కడగమని మనం ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? కొన్ని బళ్ళల్లో చేతులు కడుక్కునే పద్ధతి గోడ మీద రంగులతో రాసి ఉంటుంది, దాని పక్కన కుళాయికి నీళ్ళు రావు.

2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దక్షిణపు వీధిలో, పడమర వీధిలో, కొత్తపేటలో మనుషులు ఉన్నట్టుండి నురగలు కక్కుకుంటూ పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అప్పటికి కరోనా వచ్చి తొమ్మిది నెలలు. చేతులు అంతగా కడుక్కున్న ఏడు ఇంకొకటి లేదు. ఎయిమ్స్ వాళ్ళు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. మరికొన్ని సంస్థలు పురుగుమందుల వైపు వేలు చూపాయి. ఏ ఇల్లాలి శుభ్రతా దాన్ని ఆపగలిగేది కాదు. ఊరికి వచ్చే కాలువ నీళ్ళు, కూరగాయలు, పొలాల మందులు, వాటి మీద నిఘా, ఇవి ప్రభుత్వం పనులు. ఆరోగ్యాన్ని ఇంటి గడప లోపలికి తోసేసి, తల్లి చేతిలో ఒక సబ్బు బిళ్ళ పెట్టి పొమ్మనడాన్నే నేను ప్రశ్నిస్తున్నాను.

సబ్బు హక్కు అని ఒకటుంటే అది ముందు పారిశుధ్య కార్మికులది. మున్సిపల్ కార్మికుల సమ్మె జరిగినప్పుడల్లా డిమాండ్ల కాగితంలో సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, బట్టలు అని ఉంటుంది. ఊరి మురుగు ఎత్తే ఆడమనిషి చేతులు కడుక్కోవడానికి సబ్బు కోసం సమ్మె చేయాలి. ఏసీ గదిలో కీబోర్డు నొక్కే చేతులకి మాత్రం క్రిమి సంహారక ద్రవం బల్ల మీదే ఉంటుంది. మన సంఘాలు ఆ డిమాండ్‌కి మద్దతు ఇవ్వాలి. వాళ్ళకి కూడా కావాల్సింది మామూలు సబ్బు, ధారాళంగా నీళ్ళు, పని చోటే స్నానాల గది.

చివరిగా రేపర్ చదవడం నేర్చుకుందాం. టాయిలెట్ సోప్ అని రాసి ఉంటే టీఎఫ్ఎం ఎంతో చూడండి. అంటే అందులో అసలు సబ్బు సరుకు శాతం. 76, అంతకి మించి ఉంటే మొదటి గ్రేడు, 70 అయితే రెండు, 60 అయితే మూడు. బేతింగ్ బార్ అని ఉంటే అది టాయిలెట్ సోప్ కాదు, 40 శాతం ఉన్నా సరిపోతుంది. బొమ్మ మీద డాక్టరు కోటు ఉన్న బిళ్ళ వెనక సన్న అక్షరాల్లో బేతింగ్ బార్ అని రాసి ఉండటం మీకు తరచుగా కనిపిస్తుంది. తరవాత ధరని గ్రాములతో భాగించండి. తరవాత పదార్థాల పేర్లు. ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్, బెంజాల్కోనియం క్లోరైడ్, క్లోరోక్సిలినాల్. ఈ పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, అది కూడా భూతద్దం పెడితేగాని కనపడని అక్షరాల్లో. తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో రాయమని అడగడం వినియోగదారులుగా మన హక్కు. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఫిర్యాదు నమూనా మధ్యాహ్నం తయారుచేద్దాం.

నిన్న మీ ఇళ్ళల్లో వాడే సబ్బు రేపర్లు తెమ్మని చెప్పాను కదా. తెచ్చినవాళ్ళు బయటికి తీయండి. ఇంగ్లీషు రానివాళ్ళ పక్కన వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు కూచోండి. ఆ చివరి వరస నుంచి మొదలుపెడదాం, గట్టిగా చదవండమ్మా.